షేర్ ఫోల్డర్ తెరుచుకోవట్లేదా? తప్పు సిస్టమ్‌దా, సర్వర్‌దా ముందు తేల్చండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇప్పుడు కాస్త పెద్ద ఫొటో స్టూడియోకి వెళ్ళినా, ఆడిటర్ ఆఫీసుకి వెళ్ళినా ఒక మూల చిన్న నల్ల డబ్బా కనిపిస్తుంది. నాస్ అంటారు దాన్ని, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరికీ ఫైళ్ళిచ్చే డిస్కుల పెట్టె. అంత ఖర్చు ఎందుకనుకున్నవాళ్ళు పాత సిస్టమ్ ఒకదాన్ని సర్వర్ చేసి పెట్టుకుంటారు. ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి, పని చేసేవాళ్ళు తమ తమ టేబుళ్ళ దగ్గర ఉంటారు. బాగా నడిచినన్నాళ్ళు ఆ డబ్బా సంగతి ఎవరికీ పట్టదు. సరిగ్గా పైడితల్లి సిరిమానోత్సవం మర్నాడో, ముహూర్తాలు వరసగా ఉన్న వారంలోనో, ఆల్బమ్ డెలివరీ ఇవ్వాల్సిన పూటో ఫోను వస్తుంది: "సర్వర్ పోనాది బాబూ!"

చాలాసార్లు పోయింది సర్వర్ కాదు. ఒక సిస్టమ్‌లో పాస్‌వర్డ్ మారి ఉంటుంది, లేదా స్విచ్‌లో (ఆఫీసు నెట్‌వర్క్ కేబుళ్ళన్నీ కలిసే పెట్టెలో) ఒక కేబుల్ వదులై ఉంటుంది. ఆ కంగారులో బాగున్న సర్వర్‌ని కెలికి చిన్న తప్పుని పెద్దది చేసుకుంటారు. అలా కాకుండా ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో, ఏది అసలు ముట్టుకోకూడదో చెబుతాను. ఉదాహరణకి మీ నాస్ నంబరు, అంటే నెట్‌వర్క్‌లో దాని ఐపీ అడ్రస్, 192.168.1.50 అనుకుందాం. మీది వేరే ఉంటే అది పెట్టుకోండి.

ముందు కుర్చీలోంచి లేవండి

ఫైలు అడిగే సిస్టమ్ క్లయింట్, ఇచ్చేది సర్వర్. మధ్యలో కేబుల్, స్విచ్, రౌటర్. తప్పు ఈ మూడు చోట్లలో ఎక్కడుందో తెలిసేదాకా ఒక్క సెట్టింగ్ కూడా మార్చకండి. అది తేల్చేది ఒకే ప్రశ్న: ఒక్కరికి రావట్లేదా, అందరికీనా?

ఈ ప్రశ్న నోటితో అడిగితే సరిపోదు. "నాకు బాగానే వస్తోంది" అనే మనిషి పొద్దున్న తెరిచిన ఫైలు చూస్తూ చెబుతుంటాడు. ఆ ఫైలు అప్పటికే అతని సిస్టమ్ మెమరీలో ఉంటుంది కాబట్టి సర్వర్ ఆగిపోయినా కాసేపు తెర మీద అలాగే కనిపిస్తుంది. మీరే వెళ్ళి, అతను ఈరోజు ముట్టుకోని ఫైలు ఒకటి తెరిచి చూడండి.

ఒక్క సిస్టమ్‌కే రాకపోతే తప్పు ఆ సిస్టమ్‌ది, లేదా దాని కేబుల్‌ది. సర్వర్ జోలికి వెళ్ళక్కర్లేదు. ఎవరికీ రాకపోతే సర్వర్‌ని, స్విచ్‌ని చూడాలి. ఒక గదిలో ఉన్నవాళ్ళకి మాత్రమే రాకపోతే ఆ గదికి వెళ్ళే స్విచ్ మీద అనుమానం పెట్టుకోండి. అన్ని సిస్టమ్‌లలోనూ ఫోల్డర్ తెరుచుకుంటూ ఒక మనిషి పేరుతో లాగిన్ అయితేనే రాకపోతే అది పర్మిషన్ గొడవ. కేబుళ్ళు పీకి లాభం లేదు.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. మీ ఫోన్‌ని ఆఫీసు వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.50 అని కొట్టండి. నాస్ లాగిన్ పేజీ వస్తే డబ్బా బతికే ఉంది, నెట్‌వర్క్‌లోనే ఉంది. సైనాలజీ డబ్బాలకు నంబరు చివర కోలన్ పెట్టి 5000, క్యూనాప్‌కి 8080 కలిపి కొట్టాల్సి రావచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఉండే పోర్టు నంబర్లు ఇవే. ఈ పోర్టు కేబుల్ గుచ్చే చోటు కాదు, సర్వర్‌లో ఒక్కో పనికి ఉండే తలుపు నంబరు లాంటిది. ఆ పేజీ కనిపించగానే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

తర్వాత అడగాల్సింది: నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? కొత్త రౌటర్ పెట్టారా? విండోస్ అప్‌డేట్ అయిందా? రంగులు వేయడానికి టేబుళ్ళు జరిపారా? రాత్రి కరెంటు పోయి వచ్చిందా? "ఏమీ మారలేదండీ" అంటారు, నమ్మకండి. ఏదో ఒకటి మారే ఉంటుంది.

వీటి మీద చెయ్యి వేయకండి

నాస్ బీప్ బీప్‌మని అరుస్తున్నా, డిస్క్ లైటు ఎర్రగా వెలుగుతున్నా వైరు పీకి మళ్ళీ పెట్టకండి. డిస్కులు బయటికి లాగకండి. వెనకాల సూది దూరేంత కన్నంలో ఉండే రీసెట్ బటన్ నొక్కకండి. చాలా డబ్బాల్లో అది అడ్మిన్ పాస్‌వర్డ్‌నీ నెట్‌వర్క్ సెట్టింగులనీ మొదటికి తెస్తుంది, ఇంకా ఎక్కువసేపు నొక్కితే ఏమవుతుందన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదం ఇంకొకటి. నాస్ పనిచేయడం లేదని అందులోంచి డిస్క్ తీసి విండోస్ సిస్టమ్‌కి తగిలిస్తారు. నాస్‌లు ఎక్కువగా లైనక్స్ మీద నడుస్తాయి. వాటి డిస్కుల్లో ఉండే ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫార్మాట్లు విండోస్‌కి అర్థం కావు. అర్థం కాని డిస్క్ కనపడగానే విండోస్ చాలా మర్యాదగా "ఫార్మాట్ చేయాలా?" అని, లేదా "ఇనీషియలైజ్ చేయాలా?" అని అడుగుతుంది. అక్కడ ఓకే నొక్కితే ఏడాది పెళ్ళిళ్ళు ఒక్క క్లిక్‌తో పోతాయి. క్యాన్సిల్ నొక్కి, డిస్క్ తీసేయండి.

ఎర్రర్ మెసేజ్ ఏదొచ్చినా మూసేయకుండా ఫోన్‌తో ఫొటో తీయండి. అందులో ఉన్న నంబరే తర్వాత పనికొస్తుంది.

కేబుల్, స్విచ్, రౌటర్

ఒక్క సిస్టమ్‌కైనా అందరికైనా మొదటి చూపు లైట్ల మీదే. సిస్టమ్ వెనక కేబుల్ గుచ్చే చోట చిన్న లైటు వెలగాలి. స్విచ్‌లో ఆ కేబుల్ ఉన్న పోర్టు దగ్గరా వెలగాలి. లేకపోతే కేబుల్‌ని స్విచ్‌లో వేరే పోర్టుకి మార్చండి. అప్పుడు వెలిగితే పాత పోర్టు పోయినట్టు. ఉరుములు మెరుపుల రోజుల తర్వాత ఒక్క పోర్టే కాలిపోయి మిగిలినవి బాగుండటం మామూలే. పోర్టు మార్చినా వెలగకపోతే కేబుల్ మార్చి చూడండి. ఎలుకలు కొరికే చోటు ఎప్పుడూ ఫాల్స్ సీలింగ్ పైనే ఉంటుంది, కంటికి కనిపించదు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో జాక్ లోపల పిన్నులకి చిలుము పట్టి ఉందేమో కూడా వెలుతురులో చూడండి.

స్విచ్‌లో లైట్లన్నీ ఒకేసారి పిచ్చెక్కినట్టు కొట్టుకుంటూ ఎవరికీ ఏదీ రాకపోతే, ఒక కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చి ఉన్నాయేమో వెతకండి. ఊడ్చి తుడిచేటప్పుడు వేలాడుతున్న కేబుల్ చూసి "ఇదెక్కడిదో ఊడిపోయింది" అని ఎవరో పుణ్యాత్ములు గుచ్చేస్తారు. మామూలు చవక స్విచ్‌లు దీన్ని కనిపెట్టలేవు, నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది. ఆ కేబుల్ తీసిన మరుక్షణం అంతా మామూలైపోతుంది.

లైట్లు బాగున్నాయా? అప్పుడు నంబర్లు చూడాలి. స్టార్ట్‌లో సీఎండీ (cmd) అని కొట్టి నల్ల విండో తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ 192.168.1తో మొదలవ్వాలి, అంటే నాస్ నంబరులో ఉన్న మొదటి మూడు ముక్కలే ఇక్కడా ఉండాలి. 169.254తో మొదలైతే ఆ సిస్టమ్‌కి రౌటర్ నుంచి నంబరు అందలేదని అర్థం. కేబుల్, స్విచ్ మళ్ళీ చూడండి, రౌటర్ ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. 192.168.0తో మొదలైతే అది వేరే రౌటర్ కిందకి వెళ్ళిపోయింది.

ఈ రెండో రౌటర్ బెడద మన దగ్గర బాగా ఎక్కువ. వెనక గదిలో వైఫై సరిగ్గా రావట్లేదని ఇంట్లో ఉన్న పాత రౌటర్ తెచ్చి తగిలిస్తారు. దాని వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ వైరు పెట్టే చోట) కేబుల్ గుచ్చితే అది తన కింద వేరే నెట్‌వర్క్ తయారు చేసుకుంటుంది. ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు, నాస్ మాత్రం లిస్టులో కనపడదు. పైగా రెండు రౌటర్లూ ఒకే వరస నంబర్లు ఇస్తుంటే నంబరుతో పిలిచినా దొరకదు. దీనికి మందు: పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకి నంబర్లు పంచే పని) ఆపేసి, దాని సొంత నంబరు మెయిన్ రౌటర్‌తో తగువు పడకుండా మార్చి, కేబుల్‌ని వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. గెస్ట్ వైఫై కూడా ఇలాంటిదే. అది లోపలి సిస్టమ్‌లని కనపడనివ్వదు, దాని పనే అది.

నంబర్లు సరిగ్గా ఉంటే అదే నల్ల విండోలో పింగ్ (ping) అని కొట్టి, స్పేస్ ఇచ్చి 192.168.1.50 కొట్టండి. "రిప్లై ఫ్రమ్" అని నాలుగు లైన్లు వస్తే దారి బాగుంది. అయితే "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అన్న లైను కూడా రిప్లై అనే మొదలవుతుంది, చివరిదాకా చదవండి. సర్వర్ విండోస్ సిస్టమ్ అయితే ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే కాపలా) పింగ్‌ని ఆపేయవచ్చు, అప్పుడు పింగ్ రాకపోయినా షేర్ పనిచేయవచ్చు.

ఇంకొక్క అడుగు ఉంది. విండోస్ షేర్లు 445 అనే పోర్టు మీద నడుస్తాయి. స్టార్ట్‌లో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్‌కి నాస్ నంబరూ, పోర్ట్ 445 అనీ ఇస్తే (Test-NetConnection 192.168.1.50 -Port 445) చివర్లో ట్రూ అనో ఫాల్స్ అనో చెబుతుంది. పింగ్ వస్తూ ఇది ఫాల్స్ అంటే సర్వర్ ఉంది కానీ ఫైళ్ళిచ్చే సర్వీసు ఆగిపోయింది, లేదా మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడుతోంది. ట్రూ అంటే కేబుళ్ళ గోల వదిలేసి పాస్‌వర్డ్‌లు, పర్మిషన్ల వైపు వెళ్ళండి.

ఒక్క సిస్టమ్‌కే రాకపోతే

నెట్‌వర్క్ అనే ఐకాన్ నొక్కి అందులో నాస్ పేరు కనపడలేదని సర్వర్ పోయిందనుకోకండి. ఆ లిస్టు కనిపించడానికి వేరే సర్వీసులు పనిచేయాలి. పాత కాలంలో ఆ లిస్టు ఎస్‌ఎంబీ1 అనే, ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి మీద ఆధారపడేది. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్‌ఎంబీ1లోని కన్నంలోంచే. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లలో మైక్రోసాఫ్ట్ దాన్ని పెట్టడం మానేసింది. కాబట్టి లిస్టులో వెతక్కుండా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో \\192.168.1.50 అని నేరుగా కొట్టండి. వీధిలో పేరు చెబితే దొరకని ఇల్లు డోర్ నంబరు చెబితే దొరికినట్టే ఇదీ. నంబరుతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే తప్పు పేరుదే. నంబరుతోనే డ్రైవ్ మ్యాప్ చేసుకుని (అంటే ఆ ఫోల్డర్‌కి జెడ్ లాంటి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చుకుని) పని కానివ్వండి.

నెట్‌లో ఎవరో చెప్పారని ఎస్‌ఎంబీ1ని మళ్ళీ ఆన్ చేయకండి. రౌటర్ వెనక యూఎస్‌బీలో హార్డ్‌డిస్క్ పెట్టి అదే నాస్ అనుకునేవాళ్ళకి ఈ ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే పాత రౌటర్లలో చాలావాటికి ఎస్‌ఎంబీ1 తప్ప వేరేది రాదు. అలాంటి రౌటర్ మార్చడం తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు ఫొటో తీసిన ఎర్రర్ నంబరు చూడండి. 53 అన్నా, 0x80070035 అన్నా సిస్టమ్ అసలు సర్వర్ దాకా వెళ్ళలేదు, మళ్ళీ పైన కేబుల్, స్విచ్, రౌటర్ భాగానికి వెళ్ళండి. 67 అంటే చాలావరకు సర్వర్ దొరికింది, ఫోల్డర్ పేరు తప్పు. స్పెల్లింగ్ చూసుకోండి, సర్వర్‌లో ఎవరో ఫోల్డర్ పేరు మార్చేశారేమో అడగండి. 5 అంటే సర్వర్ మిమ్మల్ని గుర్తుపట్టింది కానీ లోపలికి రానివ్వట్లేదు, పర్మిషన్ లేదు. 86 గానీ 1326 గానీ వస్తే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు.

1219 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకే సిస్టమ్ నుంచి ఒకే సర్వర్‌కి ఒకేసారి రెండు వేర్వేరు యూజర్ పేర్లతో వెళ్ళడానికి విండోస్ ఒప్పుకోదు. పొద్దున్న డిజైనర్ పేరుతో ఒక ఫోల్డర్ తెరిచి, మధ్యాహ్నం ఓనర్ పేరుతో ఇంకో ఫోల్డర్ తెరవబోతే ఈ ఎర్రర్ వస్తుంది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా రాదు, మనిషికి పిచ్చెక్కుతుంది. నల్ల విండోలో నెట్ యూజ్ (net use) అని కొడితే ఇప్పుడున్న కనెక్షన్లు కనిపిస్తాయి. నెట్ యూజ్ స్టార్ గుర్తు స్లాష్ డిలీట్ (net use * /delete) అని కొట్టి వాటిని తెంపి, కావాల్సిన పేరుతో మళ్ళీ వెళ్ళండి. తెంపే ముందు నాస్‌లోంచి తెరిచిన ఫైళ్ళన్నీ సేవ్ చేసి మూసేయండి.

పాస్‌వర్డ్ గొడవల్లో ఇంకో రెండు. నాస్‌లో పాస్‌వర్డ్ మార్చాక కూడా సిస్టమ్ పాతదే పంపిస్తూ ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద నాస్ పేరుతో, నంబరుతో ఉన్నవి రెండూ తీసేయండి. రెండోది పిన్ నంబరు. సర్వర్‌గా పెట్టిన విండోస్ సిస్టమ్‌లోకి రోజూ నాలుగంకెల పిన్‌తో వెళ్తుంటారు, వేరే సిస్టమ్ నుంచి అడిగినప్పుడూ అదే కొడతారు. పిన్ ఆ ఒక్క సిస్టమ్‌కే పనిచేస్తుంది, నెట్‌వర్క్‌లో పనిచేయదు. అసలు పాస్‌వర్డ్ కావాలి. అది ఎవరికీ గుర్తుండదు. షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని పెట్టి దానికి పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఈ బాధ ఉండదు.

"కొత్త సిస్టమ్ కొన్నాం, పాతవాటిలో వస్తోంది, ఇందులో రావట్లేదు." ఈ మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ దగ్గర్నుంచి ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు తెరవనివ్వరు, సైనింగ్ అనే భద్రత కూడా తప్పనిసరి చేశారు. మన దగ్గర చాలా ఆఫీసుల్లో షేర్ ఎవరైనా తెరిచేలా "ఎవ్రీవన్" పెట్టి వదిలేస్తారు కాబట్టి కొత్త సిస్టమ్ దాన్ని కాదంటోంది. కొత్త సిస్టమ్‌లో ఆ భద్రత తీసేసే చిట్కాలు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. నాస్‌లో మనిషికొక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. గంట పని. పాత నాస్ సైనింగ్‌కి ఒప్పుకోకపోతే దాని ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో చూడండి.

మ్యాప్ చేసిన జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్క్ ఉంటే కంగారు పడొద్దు. డబుల్ క్లిక్ చేయండి. తెరుచుకుంటే అంతే సంగతి. విండోస్ సర్వర్ మామూలుగా 15 నిమిషాలు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని తెంపేస్తుంది, మళ్ళీ అడగ్గానే కలుపుతుంది. ఆ మార్క్ చూసి డ్రైవ్‌ని తీసి మళ్ళీ మ్యాప్ చేయక్కర్లేదు.

పాత సిస్టమ్‌నే సర్వర్ చేసుకున్నవాళ్ళకి

పొద్దున్న బాగుండి, భోజనం చేసి వచ్చేసరికి ఎవరికీ రాకపోతే ఆ సర్వర్ నిద్రపోయింది. పవర్ ఆప్షన్స్‌లో స్లీప్‌ని నెవర్ చేయండి.

రౌటర్ మార్చిన రోజు నుంచి రాకపోతే విండోస్ ఆ కొత్త రౌటర్‌ని తెలియని నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్‌లో పెట్టి ఉంటుంది. బస్టాండ్ వైఫైలో ఉన్నట్టు జాగ్రత్తపడి షేరింగ్ మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేస్తే సరిపోతుంది. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం తప్పు పద్ధతి.

ఫోల్డర్ తెరుచుకుంటోంది కానీ సేవ్ అవ్వట్లేదంటే, విండోస్‌లో పర్మిషన్లు రెండు చోట్ల ఉంటాయని గుర్తుంచుకోండి. షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకొకటి. నెట్‌వర్క్ నుంచి వచ్చినవాళ్ళకి రెండిట్లో ఏది తక్కువైతే అదే దక్కుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చి, సెక్యూరిటీలో రీడ్ మాత్రమే ఉంటే చదవడం తప్ప రాయడం కుదరదు.

పెద్ద ఆఫీసు అయితే ఇంకో పరిమితి. విండోస్ 10, 11 లాంటి మామూలు విండోస్‌కి ఒకేసారి 20 కనెక్షన్లకి మించి రానివ్వరు. ఇరవై ఒకటో వాళ్ళకి మాత్రమే రావట్లేదంటే, ఎవరైనా సిస్టమ్ ఆపగానే వస్తోందంటే సంగతి ఇదే.

"ఈ ఫైలు వేరేవాళ్ళ దగ్గర తెరిచి ఉంది" అని ఎక్సెల్ మొరాయిస్తే, ఆ వేరేవాళ్ళు సాయంత్రమే ఇంటికి వెళ్ళిపోయి ఉంటే, సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడండి. ఎవరి పేరుతో ఉందో కనిపిస్తుంది, అక్కడే మూసేయవచ్చు. వాళ్ళు సేవ్ చేయనిది పోతుంది, ముందు ఫోన్ చేసి అడగండి.

నాస్ డబ్బాలోనే తప్పుంటే

అడ్మిన్ పేజీ తెరిచి ముందు చూడాల్సింది ఖాళీ స్థలం. నిండిపోయిన నాస్ రకరకాల వేషాలు వేస్తుంది: సేవ్ అవ్వదు, ఫొటోషాప్ ఏదో వింత ఎర్రర్ ఇస్తుంది, ఒక్కోసారి లాగిన్ కూడా అవ్వనివ్వదు. ఫైళ్ళు డిలీట్ చేసినా స్థలం పెరగకపోతే అవి నాస్‌లో ఉండే రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళాయి, లేదా స్నాప్‌షాట్‌లు (ఫలానా సమయానికి ఫైళ్ళు ఎలా ఉన్నాయో నాస్ దాచి ఉంచేవి) వాటిని పట్టుకుని ఉన్నాయి. రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం మీరే చేయవచ్చు. స్నాప్‌షాట్‌లు తీసేముందు మాత్రం ఆలోచించండి, వైరస్ కొడితే పాత ఫైళ్ళు వెనక్కి తెచ్చేవి అవే.

తర్వాత డిస్కులు. స్టోరేజ్ పేజీలో "డీగ్రేడెడ్" అని ఉంటే ఒక డిస్క్ పోయింది, మిగిలినవాటి మీద బండి నడుస్తోంది. డిస్కులని కలిపి వాడే పద్ధతిని రెయిడ్ అంటారు. రెండు డిస్కుల రెయిడ్ 1లో ఒకటి పోయినా ఫైళ్ళు ఉంటాయి. రెయిడ్ 5లోనూ ఒకటి పోతే ఉంటాయి, రెండోది కూడా పోతే మొత్తం పోతుంది. రెయిడ్ 0 అయితే ఒకటి పోయినా అంతే. డీగ్రేడెడ్ అని కనిపించిన వెంటనే చేయాల్సింది డిస్క్ మార్చడం కాదు, ముఖ్యమైన ఫైళ్ళు బయట హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయడం. కొత్త డిస్క్ పెట్టాక రీబిల్డ్ అయ్యేటప్పుడు (పోయిన డిస్క్‌లోని డేటా కొత్తదాంట్లో మళ్ళీ తయారయ్యేటప్పుడు) మిగిలిన పాత డిస్కులు గంటల తరబడి ఏకధాటిగా తిరగాలి. అన్నీ ఒకేరోజు కొన్నవే అయితే రెండోది కూడా అప్పుడే జబ్బుపడే ప్రమాదం ఉంది. పోయింది ఏ డిస్కో సీరియల్ నంబర్ చూసి తేల్చుకోండి, "ఎడమవైపు నుంచి రెండోది" అన్న మాట నమ్మి బాగున్నదాన్ని లాగితే ఇక చెప్పేదేముంది.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో మూడు లైన్లు చదవడం వస్తే చాలు. 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197వ నంబరు పెండింగ్ సెక్టార్లు. ఈ రెండిటి రా విలువ సున్నా కాకుండా వారం వారం పెరుగుతుంటే డిస్క్ మార్చేయండి. 199వ నంబరు సీఆర్‌సీ ఎర్రర్లు. ఇది పెరిగితే ఎక్కువగా తప్పు డిస్క్‌ది కాదు, డేటా కేబుల్‌ది లేదా డిస్క్ కూర్చునే స్లాట్‌ది.

కరెంటు పోయి వచ్చాక నాస్ చాలాసేపు పైకి లేవకపోతే ఓపిక పట్టండి. మధ్యలో ఆగిపోయింది కాబట్టి ఫైల్ సిస్టమ్‌ని సరిచూసుకుంటూ ఉండవచ్చు, పెద్ద డిస్కులైతే గంటలు కూడా పడుతుంది. అది జరుగుతుండగా మళ్ళీ ఆపితే నిజంగానే చెడుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట జీడిపప్పు వ్యాపారం లెక్కలన్నీ ఒక్క డబ్బాలో పెట్టుకుని, యూపీఎస్ బిల్లింగ్ సిస్టమ్‌కి మాత్రం పెట్టి, నాస్‌ని నేరుగా గోడ సాకెట్‌లో పెట్టడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. యూపీఎస్ నాస్‌కి పెట్టండి. పెట్టడంతో పాటు యూపీఎస్ యూఎస్‌బీ కేబుల్ నాస్‌కి గుచ్చి, బ్యాటరీ తగ్గగానే తనంతట తను షట్‌డౌన్ అయ్యేలా అడ్మిన్ పేజీలో ఆన్ చేయండి. ఆ కేబుల్ చాలా ఆఫీసుల్లో యూపీఎస్ అట్టపెట్టెలోనే ఉండిపోతుంది.

వస్తోంది కానీ నత్తనడక

కాపీ అయ్యేటప్పుడు విండోస్ చూపించే స్పీడ్ చూడండి. సెకనుకి 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు నిలబడిపోతే ఎక్కడో ఒకచోట లింక్ 100 ఎంబీపీఎస్‌కి (సెకనుకి 100 మెగాబిట్లకి; ఎనిమిది బిట్లయితే ఒక బైట్) పడిపోయింది. గిగాబిట్ అయితే మంచి డిస్కులతో 110 దాకా రావాలి. 64 జీబీ మెమరీ కార్డు 11 స్పీడ్‌లో గంటన్నర దాటుతుంది, 110లో పది నిమిషాలు. పెళ్ళి సీజన్‌లో ఈ తేడాకే ఒక మనిషి కూలి పోతుంది.

కేబుల్‌లో ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబర్ల తీగలు నాలుగే చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. జాక్‌లో మిగిలిన నాలుగు తీగల్లో ఒకటి సరిగ్గా క్రింప్ అవ్వకపోయినా నెట్ ఆగదు, నిశ్శబ్దంగా 100కి దిగిపోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. సిస్టమ్‌లో ఈథర్‌నెట్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ 1.0 జీబీపీఎస్ అని ఉండాలి. 100 అని ఉంటే కొత్త జాక్‌లు కొట్టించండి. సిస్టమ్ దగ్గర సరిగ్గానే ఉంటే నాస్ వైపు కేబుల్, మధ్యలో స్విచ్ చూడండి. పాత స్విచ్ అసలు 100దే అయి ఉండవచ్చు.

వైఫై మీద పీఎస్‌డీ ఫైళ్ళు తెరుస్తూ నాస్‌ని తిట్టేవాళ్ళకి చెప్పేదొకటే, కేబుల్ లాగించుకోండి. వీడియో కాపీ 4 జీబీ దగ్గర ఆగిపోయి "ఫైలు చాలా పెద్దది" అంటే అవతలి డిస్క్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించి పట్టదు, నెట్‌వర్క్‌తో సంబంధం లేదు.

లైనక్స్ సర్వర్, ఎన్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్ళకి

లైనక్స్ సిస్టమ్‌లు ఫోల్డర్లు పంచుకునే పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్. కాలేజీ ల్యాబుల్లో ఇది కనిపిస్తుంది. సర్వర్ ఫోల్డర్‌ని సిస్టమ్‌కి తగిలించడాన్ని మౌంట్ అంటారు. ఎల్ఎస్ అని కొట్టగానే టెర్మినల్ బిగుసుకుపోయి, కంట్రోల్ సీ కూడా పనిచేయకపోతే హార్డ్ మౌంట్ తన పని తను చేస్తోందని అర్థం. సర్వర్ తిరిగి వచ్చేదాకా ఎదురుచూస్తుంది, వచ్చాక వదిలిన చోటే మొదలుపెడుతుంది. ఇది చూసి సాఫ్ట్ మౌంట్‌కి మారకండి. సాఫ్ట్ అయితే కాసేపటికి ఎర్రర్ ఇచ్చి తప్పుకుంటుంది, ఆ ఎర్రర్‌ని పట్టించుకోని ప్రోగ్రామ్ రాస్తున్న ఫైలు సగంలో చెడిపోతుంది.

సర్వర్ బతికే ఉందా అని చూడటానికి 2049 పోర్టు పరీక్షించండి. వెర్షన్ 4కి ఆ ఒక్కటి చాలు, వెర్షన్ 3 అయితే 111 కూడా తెరిచి ఉండాలి. ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో మార్పు చేశాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌ని ఆర్‌ఏ ఆప్షన్‌తో (exportfs -ra) కొట్టకపోతే ఆ మార్పు అమల్లోకి రాదు. "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అంటే క్లయింట్ పట్టుకున్న ఫోల్డర్ సర్వర్‌లో తీసేశారు లేదా మార్చేశారు. అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేయండి. ఫైళ్ళ ఓనర్ నోబడీ అని కనిపిస్తే రెండు అనుమానాలు. రూట్‌గా (లైనక్స్ అడ్మిన్‌గా) రాసినవైతే రూట్ స్క్వాష్ వల్ల, అది కావాలనే పెట్టిన కాపలా. మామూలు యూజర్ ఫైళ్ళన్నీ అలా ఉంటే వెర్షన్ 4లో రెండు వైపులా ఐడీమ్యాప్ డొమైన్ పేరు కలవలేదు. ఒకరి ఫైళ్ళు ఇంకొకరి పేరుతో కనిపిస్తే రెండు సిస్టమ్‌లలో యూఐడీ నంబర్లు (లైనక్స్ ఒక్కో యూజర్‌కి ఇచ్చే నంబర్లు) వేరు. మామూలు సెటప్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ పర్మిషన్ చూసేది పేరు కాదు, ఆ నంబరే.

ఎవరినైనా పిలవాల్సి వస్తే

ఇంత చూశాక కూడా రాకపోతే సర్వీస్ చేసేవాళ్ళకి ఫోన్ చేయండి. కానీ "సర్వర్ రావట్లేదు" అని కాదు, ఇలా చెప్పండి: "నాలుగు సిస్టమ్‌లలో ఒక్కదానికే రావట్లేదండీ. నాస్ పింగ్ వస్తోంది, 445 ట్రూ అంటోంది, ఎర్రర్ 1326. నిన్న సాయంత్రం నాస్‌లో పాస్‌వర్డ్ మార్చాం." ఈ మాటలకి మనిషి రాకుండానే ఫోన్‌లోనే పని అయిపోవచ్చు.

రౌటర్ సెట్టింగుల్లో నాస్‌కి ఒకే నంబరు ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చేయించండి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన రోజు నంబరు మారి అందరి మ్యాపింగులూ పోవచ్చు. ఆ నంబరు, ఫోల్డర్ల పేర్లు, ఏ డిస్క్ ఏ స్లాట్‌లో ఉందో సీరియల్ నంబర్లతో సహా ఒక కాగితం మీద రాసి డబ్బా పక్కన గోడకి అంటించండి. పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద రాయకండి.